విమానయానమందలి ఆంగ్లమును వినుట యెట్లు?

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములందలి వర్తక కుటుంబముల పిల్లలు బట్టల అంగడి, నగల అంగడి, కుదువ వ్యాపారము అను పాత దారులను విడిచి కొత్త చదువులకు పోవుట నేడు వింత కాదు. అట్టి కొత్త దారులలో విమానము నడుపుట యొకటి. నేల మీద కూర్చుండి రేడియో ద్వారా విమానములకు దారి చెప్పు కంట్రోలరు ఉద్యోగము మరియొకటి. పిల్లవాడు గాని, పిల్ల గాని ఈ చదువు కోరినప్పుడు ఇంటి పెద్దలు ఫీజు ఎంత, సంవత్సరములు ఎన్ని, కంటిచూపు సరిగా నున్నదా అని విచారింతురు. చెవి సంగతి విచారించువారు అరుదు. ఆంగ్లము ధారాళముగా మాటలాడినచో చాలునని తలంతురు. వైమానిక రేడియోలో ధారాళము పెద్ద గుణము కాదు. అక్కడ మాట కొంచెము, వినుట మిక్కిలి. ఈ వినుటను గూడ లెక్కలవలె ఇంటిలో కూర్చుండి అభ్యసింపవచ్చును.

1932 అక్టోబరు 15వ తేదీన కరాచీ నుండి జె.ఆర్.డి. టాటా తపాలా సంచులతో చిన్న విమానములో బొంబాయి చేరెను. అక్కడ నుండి నెవిల్ విన్సెంట్ అదే తపాలాను బళ్ళారి మీదుగా మద్రాసుకు తెచ్చెను. ఆ విమానములో రేడియో లేదు. గాలి ఎటు వీచుచున్నదో, మేఘము ఎంత దిగివచ్చినదో కన్నులతో చూచి తెలిసికొనవలసినదే. నేడు మీనంబాక్కములో దిగు ప్రతి విమానమును, ఇంకను ఎంతో దూరమున నుండగనే, అక్కడి గాలిని, మబ్బును, వెలుతురును చెవితో తెలిసికొనుచున్నది.

దీనికి ఒక రేడియో ప్రసారము గలదు. దాని పేరు ఆంగ్లములో పొడి అక్షరములతో ఎ.టి.ఐ.ఎస్. పైలట్లు దానిని ఒకే మాటగా “ఏటిస్” అని పలుకుదురు. విమానాశ్రయపు వాతావరణము, వాడుకలో నున్న రన్‌వే మొదలైన వివరములను ఒక క్రమములో చదివి, దానినే విడువక మరల మరల వినిపించుచుందురు. సాధారణముగా అరగంటకు ఒకమారు దానిని మార్చుదురు. ముఖ్యమైన మార్పు వచ్చినచో వెంటనే మార్చుదురు. మార్చిన ప్రతిసారి దానికి ఆల్ఫా, బ్రావో, చార్లీ అని వరుసగా ఒక అక్షరము పేరు పెట్టుదురు. ఈ అక్షరముల పేర్లు 1956 నుండి లోకమంతట ఒక్కటే. పైలట్ కంట్రోలరును మొదటిసారి పలుకరించునపుడు తాను విన్న ప్రసారపు అక్షరమును చెప్పును. “చార్లీ విన్నాను” అనినచో, అప్పటికి డెల్టా వచ్చియున్న యెడల, అతని చేతిలోనిది పాత చీటీ యని కంట్రోలరు వెంటనే గుర్తించును. నిన్నటి ధరల పట్టీతో నేటి బేరమాడువానిని అంగడిలో గుర్తుపట్టునట్లే.

రైల్వే స్టేషనులో ప్రకటన వినువారికి ఈ పద్ధతి కొత్త కాదు. అరక్కోణము ప్లాట్‌ఫారము మీద నిలుచున్న ప్రయాణికుడు బండి నంబరు, పేరు, ఎక్కడ నుండి ఎక్కడకు, ఎన్నవ ప్లాట్‌ఫారము అను వరుసను ఎరిగియుండును. కావున ఎంత గోలలోనైనను తన బండి పేరు చెవిన పడగానే ప్లాట్‌ఫారము అంకె కొరకు కాచుకొనియుండి పట్టుకొనును. భాష సగమే తెలిసినను పని జరుగును. ఏటిస్ వినుటలో మొదటి కీలకము ఇదియే: ఏ మాట తరువాత ఏ మాట వచ్చునో ముందే తెలిసియుండవలెను.

అభ్యాసము కొరకు కల్పించిన ఒక ప్రసారమును ఈ దిగువ చూడుడు. కార్తిక మాసపు వాన ఉదయమని అనుకొందము.

“చెన్నై ఎయిర్‌పోర్ట్ ఇన్ఫర్మేషన్ డెల్టా. టైమ్ జీరో టూ త్రీ జీరో. ఎక్స్‌పెక్ట్ ఐ.ఎల్.ఎస్. అప్రోచ్, రన్‌వే జీరో సెవెన్. విండ్ జీరో ఫైవ్ జీరో డిగ్రీస్, వన్ టూ నాట్స్. విజిబిలిటీ త్రీ థౌజండ్ మీటర్స్. లైట్ రెయిన్. క్లౌడ్ స్కాటర్డ్ వన్ థౌజండ్ ఫైవ్ హండ్రెడ్ ఫీట్, ఓవర్‌కాస్ట్ ఎయిట్ థౌజండ్ ఫీట్. టెంపరేచర్ టూ ఫోర్. డ్యూ పాయింట్ టూ త్రీ. క్యూ.ఎన్.హెచ్. వన్ జీరో జీరో నైనర్. నో సిగ్నిఫికెంట్ చేంజ్. అక్నాలెడ్జ్ ఇన్ఫర్మేషన్ డెల్టా.”

ఇందు “జీరో టూ త్రీ జీరో” అనగా తెల్లవారుజామున రెండున్నర కాదు. విమానయానమంతయు గ్రీనిచ్ కాలమునే అనుసరించును. మన గడియారము దానికంటె అయిదున్నర గంటలు ముందు. కావున అది మనకు ఉదయము 8 గంటలు. “రన్‌వే జీరో సెవెన్” అనగా దిక్సూచి మీద సుమారు 70 డిగ్రీల వైపునకు, అనగా ఇంచుమించు తూర్పునకు, ముఖము పెట్టి దిగుట. అదే బాటకు రెండవ కొన నుండి దిగినచో “టూ ఫైవ్”. గాలి “జీరో ఫైవ్ జీరో” అనగా ఈశాన్యము నుండి వచ్చుచున్నది. మన పెద్దలు పడమటి గాలి, తూర్పు గాలి యని వచ్చు దిక్కునుబట్టి యెట్లు పేరు పెట్టిరో ఇక్కడను అట్లే. పోవు దిక్కును చెప్పరు. విమానము గాలికి ఎదురుగా దిగును గనుక ఈ గాలికి ఈ రన్‌వే సరిపోయినది. వినువాడు ఈ పొందికను మనసులో సరిచూచుకొనవలెను. గాలి ఈశాన్యమని విని, రన్‌వే “టూ ఫైవ్” అని వినినచో, రెంటిలో ఒకటి తప్పుగా వింటినేమో యని సందేహము కలుగవలెను.

చూపు 3,000 మీటర్లు. దీని విలువ మన ప్రాంతమువారికి వేరుగా చెప్పనక్కర లేదు. భోగినాటి తెల్లవారుజామున పాత చాపలు, పాత సామానులు తగులబెట్టిన పొగ మంచుతో కలిసి మీనంబాక్కము మీద కమ్ముకొనుట కలదు. 2018 జనవరి 13న భోగి పొగవలన ఎన్నో విమానములు ఆలస్యమైనవి, కొన్ని వేరు ఊళ్ళకు మరలినవి. అట్టినాడు ప్రసారములో “స్మోక్” అను మాట వినబడును. “మిస్ట్” అనగా పలుచని మంచు, “హేజ్” అనగా దుమ్ము మసక, “ఫాగ్” అనగా దట్టమైన మంచు. ఇవి నాలుగును తెలుగులో ఒక్క “మసక”లో ఇమిడిపోవును గాని పైలట్‌కు వేరు వేరు. ఉష్ణోగ్రత 24, డ్యూ పాయింట్ 23 అని రెండంకెలు దగ్గరగా నున్నవి. అనగా గాలి నీటితో నిండియున్నది, మంచు గాని తక్కువ మబ్బు గాని పట్టుటకు వీలున్నది. ఈ రెండంకెలను వేరు వేరుగా గాక జతగా వినుట నేర్చుకొనవలెను.

ఇక క్యూ.ఎన్.హెచ్. ఈ ఒక్క అంకెవద్ద ఎక్కువసేపు నిలువవలసియున్నది. విమానములో ఎత్తును చూపు సాధనము నిజమునకు గాలి బరువును కొలుచు యంత్రము. సముద్రమట్టమునకు సరిచేసిన నాటి గాలి ఒత్తిడిని దానిలో పెట్టినప్పుడే అది సరియైన ఎత్తు చూపును. ఆ ఒత్తిడి అంకెయే క్యూ.ఎన్.హెచ్. తరాజు ముల్లును సరిచేయక తూచినచో ప్రతి తూకమును తప్పే యగునట్లు, ఈ అంకె తప్పినచో ఎత్తు చూపునదంతయు తప్పు. ఒక హెక్టోపాస్కల్ తేడాకు సుమారు 28 అడుగులు. పది తేడా వచ్చినచో ఇంచుమించు 280 అడుగులు.

2022 మే 23న పారిస్ నగరపు షార్ల్ ద గోల్ విమానాశ్రయమున అచ్చముగా ఈ పది తేడాయే వచ్చినది. స్టాక్‌హోమ్ నుండి 170 మందికి పైగా ఎక్కించుకొని వచ్చిన ఎయిర్‌బస్ విమానము వానలో దిగుచుండెను. నాటి నిజమైన ఒత్తిడి 1001. కంట్రోలరు నోట 1011 అని వచ్చినది. పైలట్లు తాము విన్నదానిని విన్నట్లే 1011 అని తిరిగి చెప్పిరి. విన్నది సరిగా విన్నారు, చెప్పినది సరిగా చెప్పిరి. అయినను అంకె తప్పు. సాధనము చూపిన ఎత్తుకంటె విమానము సుమారు 280 అడుగులు క్రిందుగా వచ్చుచున్నదని వారికి తెలియదు. రన్‌వే కనబడకపోవుటచే మరల పైకి లేచిరి. అప్పటికి విమానము రన్‌వేకు సుమారు కిలోమీటరున్నర ఇవతల నేలకు ఆరడుగుల ఎత్తున మాత్రమే యుండెనని తరువాతి విచారణలో తేలినది. ఎవరికిని దెబ్బ తగలలేదు. అదే సమయమున వచ్చిన మరియొక విమానమునకు గూడ కంట్రోలరు 1011 అనియే చెప్పగా, ఆ పైలట్లు 1001 అని తిరిగి పలికిరి. ఆ భేదమును కంట్రోలరు గమనింపలేదు.

కావున ఏటిస్ వినుట లాంఛనము కాదు. అది రెండవ సాక్షి. కంట్రోలరు చెప్పిన అంకెను చీటీ మీద వ్రాసికొన్న అంకెతో పోల్చి, కలియకపోయినచో వెంటనే అడుగవలెను. అడుగుటకు సిగ్గుపడరాదు. “సే అగెయిన్” అను రెండు మాటలు వైమానిక ఆంగ్లమందు మిక్కిలి గౌరవమైనవి.

ఏటిస్ ఓర్పుగల గురువు వంటిది, ఎన్నిమారులైనను అదే చెప్పును. కంట్రోలరు అట్లు కాదు. అతని ఒక్క రేడియో మీద పది విమానములు కాచుకొనియుండును. అతడు చెప్పినదానిలో ముఖ్యమైనవాటిని, అనగా ఎత్తు, దిక్కు, వేగము, రన్‌వే పేరు, ఒత్తిడి అంకె, దిగుటకు, ఎగురుటకు, రన్‌వే దాటుటకు, దాని ముందు ఆగుటకు ఇచ్చిన ఆజ్ఞలను పైలట్ తప్పక తిరిగి పలుకవలెను. దీనిని రీడ్‌బ్యాక్ అందురు. పైలట్ తిరిగి పలికినదానిని కంట్రోలరు చెవియొగ్గి విని, తప్పున్నచో దిద్దవలెను. ఈ రెండవ భాగమును మరచినచో మొదటి భాగము వట్టి పాఠము అప్పగించుటయే యగును.

రైల్వేలో ఒక స్టేషను మాస్టరు తదుపరి స్టేషను మాస్టరును లైను ఖాళీగా నున్నదా యని అడిగినప్పుడు, అవునను వట్టి మాటతో సరిపుచ్చక, ప్రైవేటు నంబరు ఒకటి ఇచ్చిపుచ్చుకొందురు. వర్తకులు చెక్కు మీద మొత్తమును అంకెలలో వ్రాసి మరల అక్షరములలో వ్రాయుదురు. టెలిఫోనులో సరుకు చెప్పునపుడు “ఇరవయ్యా, అరవయ్యా?” అని మారు అడుగని గుమాస్తాను ఏ యజమానియు నమ్మడు. తమిళములో “ఐంబదు”, “ఒంబదు” అను మాటలకును ఇదే చిక్కు. హిందీలో ఉనసఠ్, ఉనహత్తర్, ఉన్యాసీ అను మూడంకెలు వరుసగా 59, 69, 79. టెలిఫోను గరగరలో వానిని విడదీయుట మార్వాడీ ఇంట పుట్టినవారికిని సులభము కాదు. విమానయానము ఈ చిక్కును ఒక చిన్న ఉపాయముతో దాటినది. ఫిఫ్టీన్, ఫిఫ్టీ అని చెప్పుటకు బదులు “వన్ ఫైవ్”, “ఫైవ్ జీరో” అని అంకెలు విడివిడిగా పలుకుదురు. ఫైవ్, నైన్ అను రెండును గోలలో ఒకటిగా వినబడును గనుక తొమ్మిదిని “నైనర్” అనియు, అయిదును “ఫైఫ్” అనియు పలుకవలెనని నియమము. త్రీని “ట్రీ” అనవలెను. ఇంగ్లండులో పుట్టినవాడైనను ఇక్కడ తన ఉచ్చారణను కొంత మార్చుకొనవలసినదే. మన పిల్లలు ఈ విషయమున తమను తక్కువగా తలచుకొనుటకు కారణము లేదు.

ఇంత జాగ్రత్తలోను సందు దొరకును. 1989 ఫిబ్రవరి 19న మలేషియాలో కౌలాలంపూరు నగరమునకు సరుకు తెచ్చుచున్న ఫ్లయింగ్ టైగర్ సంస్థ వారి బోయింగ్ 747 విమానమును కంట్రోలరు 2,400 అడుగులకు దిగుమనెను. అంకెలు విడివిడిగా “టూ ఫోర్ జీరో జీరో” అని పలికెను. ఆంగ్లములో రెండు అను అంకెయు, “కు” అను అర్థమిచ్చు మాటయు చెవికి ఒక్కటే. పైలట్లు దానిని “నాలుగు వందలకు” అని గ్రహించి, “ఫోర్ జీరో జీరో” అని తిరిగి పలికిరి. ఆ తప్పు దిద్దబడలేదు. విమానము కొండను తాకెను. అందున్న నలుగురును మరణించిరి. అందుచేతనే ఇప్పుడు “డిసెండ్ టు ఆల్టిట్యూడ్” అని నడుమ ఒక మాట చేర్చి పలుకుటయు, రెండువేల నాలుగు వందలను “టూ థౌజండ్ ఫోర్ హండ్రెడ్” అని చెప్పుటయు పద్ధతియైనవి.

జైన శాస్త్రమును కొంత విన్నవారికి ఇచ్చట ఒక సంగతి తోచకపోదు. ఇంద్రియముల ద్వారా కలుగు జ్ఞానమునకు, అనగా మతిజ్ఞానమునకు, మన ఆచార్యులు నాలుగు మెట్లు చెప్పిరి. ఏదో శబ్దము చెవిన పడినదని పట్టుకొనుట అవగ్రహము. అది ఇదియా, అదియా యని విచారించుట ఈహ. విచారించి ఇదియే యని నిశ్చయించుట అవాయము. నిశ్చయించినదానిని చెదరక నిలుపుకొనుట ధారణ. కౌలాలంపూరు పైలట్లు అవగ్రహము నుండి ఒక్క గంతున అవాయమునకు దుమికిరి, ఈహ జరుగలేదు. నాలుగు వందల అడుగులు అనగా ఆ కొండల నడుమ సాధ్యమేనా యని ఒక్క క్షణము విచారించినచో చాలియుండెడిది. పారిస్ పైలట్లకు అవగ్రహమందు లోపము లేదు. వారికిని కొరత పడినది ఈహయే. వినుట నేర్పువారు సాధారణముగా చెవికి, జ్ఞాపకమునకు మాత్రమే సాధన చేయింతురు. ఈ నడిమి మెట్టును విడిచిపెట్టుదురు. పైన చెప్పిన గాలి, రన్‌వేల పొందిక చూచుకొనుట ఈ మెట్టుకు సాధనయే.

పలుకువానికి భాషాసమితి గలదు. హితముగా, మితముగా, సందేహమునకు తావులేకుండ పలుకుట ముని ధర్మమని విన్నాము. రేడియోలో ఇది అక్షరాల వర్తించును. నిమిషమునకు నూరు మాటలు మించరాదని అంతర్జాతీయ నియమము. “రోజర్” అనగా “నీవు చెప్పినదంతయు నాకు అందినది” అని మాత్రమే అర్థము. సరేయనియు కాదు, అవుననియు కాదు. “విల్కో” అనగా అందినది, అట్లే చేయుదును. అవును అనుటకు “అఫర్మ్”. చేయలేకపోయినచో “అనేబుల్” అని మొగమాటము లేక చెప్పవలెను. పెద్దల యెదుట కాదనుటకు వెనుకాడు మన పిల్లలకు ఈ కడపటి మాట అన్నిటికంటె కష్టము. ఇంటివద్దనే పలుకుట అలవాటు చేయవలెను.

అభ్యాసము చేయు విధము ఏమనగా, ఇద్దరు కూర్చుండవలెను. అక్కయు తమ్ముడును చాలును, తాతగారైనను చాలును. వాతావరణ వివరములను విమానాశ్రయములు మెటార్ అను పేరుతో అంకెలలో ప్రకటించుచుండును. అది అంతర్జాలమందు అందరికిని దొరకును. ఒకరు దానిని పైన చూపిన క్రమములో గట్టిగా చదువవలెను. వినువారు చిన్న చీటీ మీద అక్షరము, కాలము, రన్‌వే, గాలి, చూపు, మబ్బు, రెండు ఉష్ణాంకములు, ఒత్తిడి అని వరుసగా వ్రాసికొనవలెను. పూర్తి మాటలు వ్రాయరాదు, అంకెలు మాత్రమే. మొదటిమారు విన్నదానిని చెరిపివేయక, రెండవమారు విన్నది దాని ప్రక్కన వ్రాయవలెను. రెంటికిని భేదమెక్కడ వచ్చునో అక్కడే ఆ చెవి బలహీనత యున్నది. కొన్ని దినముల తరువాత చదువువారు కావలెననియే ఒక అంకెను తప్పుగా చదువవలెను. గాలి ఒక దిక్కు, రన్‌వే మరియొక దిక్కు. లేదా డ్యూ పాయింట్ ఉష్ణోగ్రతకంటె ఎక్కువ. వినువారు దానిని పట్టుకొన్నచో ఈహ పనిచేయుచున్నదని తెలియును. ఆ తరువాత పంకా వేసి, అంగడి వీధి వైపు కిటికీ తెరచి అదే అభ్యాసము చేయవలెను. నిశ్శబ్దములో నేర్చిన చెవి గోలలో తడబడును.

తెలుగువారి నాలుక ప్రతి మాట చివర అచ్చు కోరును. “హోల్డ్” అనునది “హోల్డు”, “లెఫ్ట్” అనునది “లెఫ్టు” అగును. ఇందువలన పెద్ద హాని లేదు. హాని వినుటలో గలదు. ఆంగ్లము మాటల చివరి హల్లును మింగునపుడు మన చెవి దానిని పట్టుకొనక జారవిడుచును. కావున ఒకే గురువు గొంతు వినుటచే లాభము లేదు. చెన్నై ఆకాశములో తమిళుని ఆంగ్లము, మలయాళి ఆంగ్లము, హిందీవారి ఆంగ్లము, సింహళము, గల్ఫ్ దేశములు, సింగపూరు, ఐరోపా గొంతులు అన్నియు వినబడును. శిక్షణ కొరకు సిద్ధము చేసిన ధ్వనిముద్రణలు పలు దేశములవి దొరకును. వానిని మార్చి మార్చి వినవలెను. అనుమతి లేనిదే విమానముల రేడియోను యంత్రములతో పట్టి వినరాదు. అది చట్టమునకు విరుద్ధము, అందుకు అవసరమును లేదు. అమెరికాలో ఎన్నో విమానాశ్రయముల వాతావరణ ప్రసారములను మామూలు టెలిఫోనులో వినవచ్చును. కాని అక్కడ చూపును మైళ్ళలోను, ఒత్తిడిని “టూ నైనర్ నైనర్ టూ” అని అంగుళములలోను చెప్పుదురు. అక్కడ శిక్షణకు పోవు పిల్లలు ఈ రెండు కొలతలను ముందే అలవాటు చేసికొనుట మంచిది. గజములు మీటర్లైన కాలములో అంగళ్ళలో పడిన తికమక పెద్దలకు జ్ఞాపకముండును.

ఒక్క చెన్నై ప్రసారమునే వల్లె వేయుటయు చాలదు. 2015 డిసెంబరు 1 రాత్రి వరదనీరు రన్‌వే మీదికి వచ్చి మీనంబాక్కము మూతపడినది. తిరుత్తణికి దక్షిణముగా పదిపన్నెండు కిలోమీటర్లలో, అరక్కోణమువద్ద, నౌకాదళమువారి రాజాళి విమానస్థావరము గలదు. 1992 మార్చి 11న నెలకొల్పబడిన ఆ స్థావరము నుండి వరద దినములలో పౌరవిమానములు నడిచినవి. చెన్నై ప్రయాణికులను బస్సులలో అక్కడకు చేర్చిరి. రోజును మీనంబాక్కములో దిగు పైలట్‌కు అక్కడి రన్‌వే అంకెలు, దారుల పేర్లు కలలో గూడ వచ్చును, సగము విని సగము ఊహించినను జరిగిపోవును. అలవాటులేని చోట ఊహించుటకు ఏమియు లేదు, విన్నదే ఆధారము. అందుచేత అభ్యాసమునకు చెన్నైతోపాటు తిరుపతి, హైదరాబాదు, విశాఖపట్టణము, కొలంబోల వివరములను గూడ మార్చి మార్చి తీసికొనవలెను.

ఇంతకును ఈ భాషాపరీక్షలు లోకమున ఎట్లు వచ్చినవో మన దేశమువారు తెలిసికొనదగినది. 1996 నవంబరు 12 సాయంకాలము ఢిల్లీ నుండి బయలుదేరి పైకి పోవుచున్న సౌదీ విమానమును, ఢిల్లీకి దిగివచ్చుచున్న కజకిస్తాన్ విమానమును హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద ఆకాశములో ఢీకొన్నవి. రెంటిలోని 349 మందియు మరణించిరి. కజక్ విమానమునకు ఇచ్చిన ఎత్తు 15,000 అడుగులు. అది అంతకంటె క్రిందికి దిగెను. ఆ విమానములో కంట్రోలరుతో మాటలాడుటకు ఒక రేడియో ఆపరేటరు వేరుగా నుండెను. అతని యెదుట ఎత్తు చూపు సాధనము లేదు, నడుపువారి భుజముల మీదుగా చూడవలసియుండెను. చెవి యొకరిది, చేయి యొకరిది, ఆంగ్లము కొద్దిగా వచ్చినవారు ఇద్దరి నడుమను. జస్టిస్ ఆర్.సి. లహోటీ గారు విచారణ జరిపిరి. ఆనాడు ఢిల్లీకి వచ్చు విమానములకును పోవు విమానములకును ఒకటే ఆకాశమార్గముండుటయు లోపమే. నిందను ఒక్క భాష మీదనే వేయుట న్యాయము కాదు. కాని ఆంగ్లము సరిగా అందకపోవుట ఆ లోపములలో నొకటి యని తేలినది.

ఇట్టి ప్రమాదముల తరువాత అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ 2003లో భాషా నియమములను గట్టిచేసి, 2008 మార్చి 5 నుండి వర్తింపజేసినది. ఉచ్చారణ, వాక్యనిర్మాణము, పదసంపద, ధారాళత, గ్రహణము, సంభాషణ అను ఆరింటిని పరీక్షించి ఆరు మెట్లలో నొకటి ఇత్తురు. అంతర్జాతీయముగా పనిచేయుటకు నాల్గవ మెట్టు చాలును. ఆరింటిలో దేనియందు తక్కువ వచ్చునో దానినే మొత్తమునకు లెక్కింతురు. అనగా ధారాళముగా మాటలాడి గ్రహణమందు మూడవ మెట్టున ఆగినవానికి మూడవ మెట్టే. నాల్గవ మెట్టువారు మూడు సంవత్సరములకొకమారు, అయిదవ మెట్టువారు ఆరు సంవత్సరములకొకమారు మరల పరీక్షకు పోవలెను. ఆంగ్లేయుని యాసను ఎవ్వరును కోరరు. యాస ఉండవచ్చును, అది అర్థమునకు అడ్డు రాకూడదు.

మన దేశమున రేడియో వాడుటకు ఆర్.టి.ఆర్. అను ధ్రువపత్రము వేరుగా గలదు. పూర్వము దీని పరీక్షను టెలికమ్యూనికేషన్ శాఖవారు జరుపుచుండిరి. 2025 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ వాయుయాన చట్టమువలన ఆ అధికారము పౌరవిమానయాన డైరెక్టరు జనరలు కార్యాలయమునకు మారినది. కావున పాత పుస్తకములలోని దరఖాస్తు వివరములను నమ్మి రుసుము కట్టరాదు. ఆ కార్యాలయపు ప్రకటనలను చూచి, పిమ్మట శిక్షణాలయమును ఎన్నుకొనవలెను. శిక్షణాలయమును చూడబోవు తల్లిదండ్రులు మేడ ఎంత యెత్తున్నదని గాక, వారమునకు ఎన్ని గంటలు వినిపింతురు, ఎన్ని దేశముల గొంతులు వినిపింతురు, విద్యార్థి తప్పుగా తిరిగి పలికినప్పుడు దిద్దువారు ఎవరు అని అడుగుట మంచిది.